పొలం మీదుగా విద్యుత్ తీగలు: పరిహారం చాలకపోతే ఏ న్యాయస్థానాన్ని ఆశ్రయించాలి?

సరిహద్దు గ్రామాలకు విద్యుత్ టవర్లు కొత్త కాదు. తుమకూరు జిల్లా పావగడ తాలూకాలో 2,050 మెగావాట్ల సౌర విద్యుత్ పార్కు వెలసిన తరువాత ఆ విద్యుత్తును దూర ప్రాంతాలకు చేర్చే 400 కె.వి. లైన్లు కూడా వెలశాయి. కోలారు, బళ్ళారి, కృష్ణగిరి, గంజాం, గడ్చిరోలి, ఏ జిల్లా అయినా సరే, జరిగే తంతు ఒక్కటే. ముందుగా సర్వేవారు వచ్చి గుర్తులు పెడతారు. కొన్నాళ్ళకు గుంతలు త్రవ్వుతారు. ఆపైన ఒక కాగితం ఇచ్చి, చెట్లకు ఇంత, పంటకు ఇంత అని చెక్కు చేతిలో పెడతారు. రైతు సంతకం చేస్తాడు. అంతటితో వ్యవహారం ముగిసిందని ఇంటిల్లిపాదీ అనుకుంటారు.

కాని అది ముగియలేదు. సంస్థ లెక్కగట్టిన మొత్తం తుది మొత్తం కాదు. అది తక్కువ అని భావించిన వారు న్యాయస్థానంలో తిరిగి నిర్ణయించుకొనే అవకాశాన్ని చట్టమే కల్పించింది. ఆ అవకాశం ఏమిటి, దాని హద్దులు ఏమిటి, ఏ గడువులోగా ఏ ఊరి న్యాయస్థానానికి వెళ్ళాలి అన్న విషయాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భూమి మనదే, వినియోగ హక్కు వారిది

విద్యుత్ లైన్ల కొరకు సాధారణంగా భూమిని సేకరించరు. పట్టా రైతు పేరనే ఉంటుంది, శిస్తు రైతే కడతాడు. 2003 నాటి విద్యుత్ చట్టంలోని 164వ సెక్షన్ ప్రకారం, 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం క్రింద తంతి శాఖకు ఉండిన అధికారాలను ప్రభుత్వం ఒక ఉత్తర్వు ద్వారా విద్యుత్ ప్రసార సంస్థకు ఇవ్వవచ్చు. ఆ అధికారం పొందిన సంస్థ ఎవరి పొలంలోనైనా స్తంభం నాటవచ్చు, తీగ లాగవచ్చు. సంస్థకు దక్కేది వినియోగ హక్కు మాత్రమే గాని యాజమాన్యం కాదని ఆ చట్టంలోని 10వ సెక్షన్ స్పష్టంగా చెబుతున్నది.

టెలిగ్రాఫ్ చట్టం రద్దయినది కదా, ఇంకా ఎలా వర్తిస్తుందని కొందరు అడుగుతున్నారు. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టం పాత చట్టాన్ని రద్దు చేస్తూనే, 164వ సెక్షన్ క్రింద వేసే విద్యుత్ లైన్లకు మాత్రం పాత చట్టంలోని మూడవ భాగం వర్తిస్తూనే ఉంటుందని చెప్పింది. కనుక నూట ముప్పై యేండ్లు దాటిన ఆ నిబంధనలే నేటికీ మన పొలాల మీద నడుస్తున్నాయి.

లైను వేయకుండా ఆపడం మాత్రం చాలా కష్టం. ఈ అధికారాలు పొందిన సంస్థకు భూయజమాని ముందస్తు అంగీకారం అవసరం లేదని పవర్ గ్రిడ్, సెంచురీ టెక్స్‌టైల్స్ సంస్థల మధ్య నడిచిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 2016లో తేల్చింది. రైతు అడ్డుపడితే 16వ సెక్షన్ మొదటి ఉపవిభాగం క్రింద జిల్లా మేజిస్ట్రేటు, అనగా కలెక్టరు, పనికి అనుమతి ఇవ్వవచ్చు. గట్టు మీద నిలబడి అడ్డుకోవడం వలన కేసులే మిగులుతాయి. రైతుకు చట్టం మిగిల్చిన బలమైన ఆయుధం పరిహారం విషయంలోనే ఉన్నది.

‘పూర్తి నష్టపరిహారం’ అనగా ఏమి?

10వ సెక్షన్‌లోని ‘డి’ ఖండం రెండు మాటలు చెబుతున్నది. మొదటిది, సంస్థ వీలైనంత తక్కువ నష్టం కలిగించాలి. రెండవది, జరిగిన నష్టానికి ఆ ఆస్తితో సంబంధం గల వారందరికీ పూర్తి నష్టపరిహారం చెల్లించాలి. ‘సంబంధం గల వారందరు’ అన్నప్పుడు పట్టాదారు ఒక్కడే కాదు. కౌలుకు చేస్తున్నవాడు తన పంట నష్టాన్ని అడగవచ్చు. పంపకాలు కాని అన్నదమ్ములు తమ వాటాలు అడగవచ్చు.

ఈ పూర్తి పరిహారంలో నరికిన చెట్లు, త్రొక్కిన పంట మాత్రమేనా, లేక తీగల క్రింద నేల విలువ తగ్గిపోవడం కూడా చేరుతుందా అన్నది చాలాకాలం వివాదాంశమైనది. కేరళ రాష్ట్ర విద్యుత్ బోర్డు, లివిష అనే భూయజమాని మధ్య నడిచిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 2007లో దీనిపై మార్గం చూపింది. అన్ని కేసులకూ ఒకే సూత్రం పనికిరాదని, ప్రతి కేసునూ దాని సంగతులనుబట్టి తూచాలని చెప్పింది. భూమి ఎక్కడ ఉన్నది, తీగల నడుమ దూరం ఎంత, లైను చిన్న చెలక మీదుగా పోతున్నదా, పొలాన్ని నట్టనడుమ చీల్చుకొని పోతున్నదా, నేల ధర ఎంత, యజమాని తాను తలపెట్టిన విధంగా ఆ నేలను వాడుకొనే హక్కును కోల్పోతున్నాడా అనే అంశాలన్నీ లెక్కలోనికి తీసుకోవాలని వివరించింది. రైతు తరఫు వాదనకు ఈ తీర్పే నేటికీ పునాదిరాయి.

శాతాలు సరే, మూలవిలువ ఎంత?

కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2015 అక్టోబరులో 66 కె.వి., అంతకు మించిన లైన్లకు మార్గదర్శకాలు వెలువరించింది. టవరు నాలుగు కాళ్ళ నడుమ నేలకు భూమి విలువలో 85 శాతం, తీగల క్రింది నడవకు గరిష్ఠంగా 15 శాతం ఇవ్వాలని సూచించింది. 2024 జూన్‌లో వీటిని సవరించి, టవరు నేలకు 200 శాతం, నడవకు 30 శాతం అని పెంచింది. నాలుగు కాళ్ళకు వెలుపల ప్రతి వైపునా ఒక మీటరు నేలను కూడా టవరు విస్తీర్ణంలో చేర్చింది. 2025 మార్చిలో అనుబంధ మార్గదర్శకాల ద్వారా పురపాలక, మహానగర ప్రాంతాలలో నడవ శాతాన్ని ఇంకా పెంచింది. వీటిని రాష్ట్రాలు యథాతథంగా గాని, మార్పులతో గాని స్వీకరింపవచ్చు. కనుక తమ రాష్ట్రం ఏ ఉత్తర్వు ఇచ్చిందో, తమ లైనుకు ఏ సంవత్సరపు ఉత్తర్వు వర్తిస్తుందో పాఠకులు ముందుగా కనుక్కోవాలి.

ఒక లెక్క చూద్దాం. ఒక రైతు పొలం మీదుగా 400 కె.వి. లైను 100 మీటర్ల పొడవున పోతున్నదనుకుందాం. 2015 పట్టిక ప్రకారం ఆ లైను నడవ వెడల్పు 46 మీటర్లు. అనగా 4,600 చదరపు మీటర్లు, సుమారు ఒక ఎకరా 13 సెంట్లు నడవలో పడతాయి. ప్రభుత్వ రికార్డులో ఎకరా విలువ 4 లక్షల రూపాయలు అయితే, 15 శాతం చొప్పున వచ్చేది సుమారు 68 వేలు. 30 శాతం చొప్పున సుమారు లక్షా 36 వేలు. అదే నేలకు నిజమైన ధర ఎకరాకు 12 లక్షలని రుజువైతే, అదే 30 శాతానికి 4 లక్షల 9 వేలు వస్తుంది.

కనుక చిక్కు అంతా శాతం దగ్గర లేదు, మూలవిలువ దగ్గర ఉన్నది. కర్ణాటకలో మార్గసూచి దర, తమిళనాడులో గైడ్‌లైన్ విలువ, ఒడిశాలో బెంచ్‌మార్క్ విలువ, మహారాష్ట్రలో రెడీ రెక్నర్ అని వేర్వేరు పేర్లతో పిలిచే ప్రభుత్వ ధర పలుచోట్ల వాస్తవ ధర కంటే తక్కువగా ఉంటుంది. సరిహద్దులో ఈ తేడా మరింత కొట్టవచ్చినట్టు కనిపిస్తుంది. ఒకే లైను, ఒకే రకం నేల, నడుమ ఒక వాగు మాత్రమే అడ్డు. ఒడ్డుకు ఇవతల ఒక రాష్ట్రపు ధర, అవతల మరొక రాష్ట్రపు ధర.

మార్గదర్శకాలు పరిపాలనాపరమైన సూచనలే గాని చట్టం కావు. చట్టంలో ఉన్న మాట ‘పూర్తి నష్టపరిహారం’. కలెక్టరు నిర్ణయించిన ధర తక్కువ అని సాక్ష్యంతో చూపగలిగినవారు ఆ సంగతిని న్యాయమూర్తి ముందు పెట్టవచ్చు.

జిల్లా జడ్జి ముందుకు వెళ్ళే దారి

పరిహారం చాలదన్న వివాదం వచ్చినప్పుడు ఇరుపక్షాలలో ఎవరైనా జిల్లా జడ్జికి అర్జీ పెట్టుకోవచ్చునని 16వ సెక్షన్ మూడవ ఉపవిభాగం చెబుతున్నది. ఆస్తి ఏ జిల్లా జడ్జి పరిధిలో ఉన్నదో ఆయనకే అర్జీ వేయాలి. సరిహద్దు కుటుంబాలు పొరపడేది ఇక్కడే. ఇల్లు హిందూపురం వైపు, పొలం పావగడ వైపు ఉన్నవారు తుమకూరు జిల్లా న్యాయస్థానపు పరిధిలోకే వెళ్ళాలి. నివాసంతో నిమిత్తం లేదు. రెండు రాష్ట్రాలలోనూ పొలం ఉన్నవారు రెండు చోట్లా వేర్వేరుగా అర్జీలు వేసుకోవాలి. తెలుగులో వ్రాసుకొన్న పాత క్రయపత్రాలు, భాగపత్రాలు ఉన్నవారు ఆ న్యాయస్థానపు భాషలోనికి గాని ఇంగ్లీషులోనికి గాని అనువదింపజేసి జతపరచాలి.

గడువు విషయంలో ఏమరుపాటు తగదు. టెలిగ్రాఫ్ చట్టంలో గడువు వ్రాసి లేదు. అంతమాత్రాన ఎప్పుడైనా వెళ్ళవచ్చునని అనుకోరాదు. కాలపరిమితి చట్టంలోని 137వ అధికరణం ఈ అర్జీలకు వర్తిస్తుందని సుప్రీంకోర్టు కేరళ విద్యుత్ బోర్డుకు సంబంధించిన మరొక వ్యవహారంలో 1976లో తీర్పు చెప్పింది. ఆ అధికరణం ప్రకారం గడువు 3 సంవత్సరాలు. చెట్లు నరికిన నాటినుండో, పరిహారం నిర్ణయించిన నాటినుండో అన్న తర్కానికి తావు ఇవ్వకుండా, ముందు తేదీ నుండే 3 సంవత్సరాలు లెక్కపెట్టుకొని లోపలనే అర్జీ వేయడం క్షేమం.

చెక్కు తీసుకుంటే హక్కు పోతుందా అన్నది అందరూ అడిగే ప్రశ్న. డబ్బు తీసుకొంటూనే ‘ఈ మొత్తం చాలదు, అభ్యంతరంతో స్వీకరిస్తున్నాను’ అని రసీదు మీద వ్రాసి, దాని నకలు దగ్గర ఉంచుకోవాలి. ‘పూర్తిగా తృప్తి చెందాను, ఇక ఏ హక్కూ కోరను’ అని అచ్చు వేసిన కాగితం మీద చదవకుండా సంతకం చేయరాదు. ఆ కాగితం కన్నడంలోనో ఒడియాలోనో ఉండి చదవలేకపోతే, చదివి చెప్పేవారు దొరికేవరకు ఆగమని కోరడంలో తప్పు లేదు.

అన్నదమ్ముల నడుమ వాటాల తగవు ఉంటే, ఎవరికి ఎంత చెందాలో తేల్చడానికి సొమ్మును జిల్లా న్యాయస్థానంలో జమ చేసే ఏర్పాటు అదే సెక్షన్ నాలుగవ ఉపవిభాగంలో ఉన్నది. ఒకరే మొత్తం తీసుకొని ఉంటే, తక్కినవారు ఆయనపై దావా వేసి తమ వాటా రాబట్టుకొనే హక్కు కూడా పదిలంగానే ఉన్నది.

సాక్ష్యం లేనిదే తీర్పు లేదు

న్యాయమూర్తి మన పొలం చూడలేదు. నరికిన చింతచెట్టు వయస్సు ఆయనకు తెలియదు. కాగితం మీద, సాక్షుల నోట ఏది ఉన్నదో అదే ఆయనకు ఆధారం. అందుచేత గుంత త్రవ్వక మునుపే కొన్ని పనులు చేసిపెట్టుకోవాలి.

మొదటిది హక్కు పత్రం. కర్ణాటకలో పహణి, తమిళనాడులో పట్టా, చిట్టా, ఒడిశాలో ఖతియాన్, మహారాష్ట్రలో సాత్‌బారా, ఆంధ్రప్రదేశ్‌లో అడంగల్, 1-బి. తాత పేరనో తండ్రి పేరనో ఉన్న పత్రాన్ని ఇప్పుడే మార్పించుకోవాలి.

రెండవది మహజరు. చెట్లు లెక్కించేటప్పుడు జాతి, వయస్సు, కాపు, చుట్టుకొలత అన్నీ వ్రాయించి నకలు అడగాలి. శ్రీనివాసపురం మామిడి తోటకు, గజపతి జిల్లా జీడిమామిడికి, చిక్కబళ్ళాపురం మల్బరీకి లెక్క ఒక్కటి కాదు. కాపుకు వచ్చిన చెట్టు నష్టమంటే ఆ ఒక్క ఏటి పంట కాదు, అది ఇంకా ఎన్నేళ్ళు కాసేదో అన్నదే ముఖ్యం. మండీ పట్టీలు, పట్టు గూళ్ళ మార్కెట్ రసీదులు, ఉద్యాన శాఖ అంచనా పత్రం ఇక్కడ పనికివస్తాయి.

మూడవది భూమి ధర. లైను వేయడానికి ముందు రెండు మూడేండ్లలో చుట్టుప్రక్కల జరిగిన నిజమైన క్రయాల ధ్రువీకృత నకళ్ళు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో తీసుకోవాలి. పొరుగు రాష్ట్రపు క్రయపత్రం చూపదలచిన వారు ఆ భూమికీ తమ భూమికీ నడుమ దూరం, నేల స్వభావం, నీటి వసతి, రోడ్డు అన్నీ సమానమని కూడా రుజువు చేయవలసి ఉంటుంది. దానిపైననే భారం వేయరాదు.

నాలుగవది పటం. లైను పొలం అంచున పోతున్నదా, నడుమ పోతున్నదా, బావి ఎంత దూరం, ఇల్లు కట్టదలచిన చోటు నడవలో పడుతున్నదా అని లైసెన్సు గల సర్వేయరుచేత కొలిపించిన పటం లివిష తీర్పులోని అంశాలకు నేరుగా సమాధానం చెబుతుంది. తేదీ పడే ఫొటోలు దానికి తోడు.

ఖర్చుకు వెనుకాడేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా, తక్కినవారిలో ఆదాయ పరిమితికి లోబడినవారికి ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ప్రతి జిల్లా న్యాయస్థానం ఆవరణలోనూ ఈ సంస్థ కార్యాలయాన్ని అడిగి తెలుసుకోవచ్చు.

జిల్లా జడ్జి తీర్పు తరువాత

జిల్లా జడ్జి నిర్ణయమే తుది నిర్ణయమని 16వ సెక్షన్ ఐదవ ఉపవిభాగం చెబుతున్నది. అనగా చట్టం ప్రకారం అప్పీలు లేదు. హైకోర్టులో రివిజన్ గాని, రాజ్యాంగం 227వ అధికరణం క్రింద పర్యవేక్షణాధికారాన్ని కోరే అర్జీ గాని వేస్తున్నారు. అక్కడ సాక్ష్యాన్ని మొదటినుండి తిరిగి తూచరు. క్రింది న్యాయస్థానం తన అధికారాన్ని మీరిందా, స్పష్టమైన పొరపాటు చేసిందా అని మాత్రమే ప్రధానంగా చూస్తారు. ఈ లోటును సుప్రీంకోర్టు కూడా గుర్తించింది. హర్యానా 400 కె.వి. లైనుకు సంబంధించిన వ్యవహారంలో 2025లో తీర్పు ఇస్తూ, అప్పీలు అవకాశం కల్పించే విషయాన్ని పరిశీలించవలసిందిగా లా కమిషన్‌ను కోరింది. చట్టం మారేవరకు జిల్లా న్యాయస్థానంలో జరిగే విచారణే రైతుకు అసలైన విచారణ. అక్కడ చూపని పత్రం పైన అక్కరకు రాదు.

హైకోర్టుకు వెళ్ళవలసి వస్తే కోలారు, చిక్కబళ్ళాపురం, తుమకూరు వారు బెంగళూరుకు, బళ్ళారి వారు ధార్వాడ ధర్మాసనానికి, రాయచూరు వారు కలబురగి ధర్మాసనానికి వెళ్ళాలి. నాందేడ్ వారికి ఔరంగాబాద్ ధర్మాసనం, సిరోంచ వారికి నాగపూర్ ధర్మాసనం. గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ వారికి కటక్‌లోని ఒరిస్సా హైకోర్టు. హోసూరు వారికి, యానాం వారికి మద్రాసు హైకోర్టు.

అన్ని లైన్లకూ దారి ఒకటి కాదు

పైన చెప్పిన మార్గం 164వ సెక్షన్ అధికారం పొందిన సంస్థల లైన్లకు మాత్రమే. ఆ అధికారం లేని సంస్థ లైను వేస్తే 2006 నాటి నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం యజమాని అంగీకారం తీసుకోవాలి. అభ్యంతరం ఉంటే జిల్లా మేజిస్ట్రేటు గాని, ప్రభుత్వం నియమించిన అధికారి గాని విచారించి పరిహారం నిర్ణయించాలి. ఆ ఉత్తర్వును విద్యుత్ నియంత్రణ కమిషన్ పునఃపరిశీలిస్తుంది. యానాంకు సంబంధించిన కమిషన్ గోవాకు, కేంద్రపాలిత ప్రాంతాలకు ఏర్పడిన ఉమ్మడి కమిషన్. కనుక సంస్థను మొట్టమొదట అడగవలసిన ప్రశ్న: ‘మీకు 164వ సెక్షన్ ఉత్తర్వు ఉన్నదా? నకలు చూపండి.’

గ్యాసు, చమురు గొట్టాలకు 1962 నాటి చట్టం వేరుగా ఉన్నది. ప్రకటన వెలువడిన 21 రోజులలో అభ్యంతరం తెలపాలి. పంట, చెట్ల నష్టంతోపాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం ఇస్తారు. గొట్టం పోయిన మేర ఇల్లు కట్టరాదు, బావి త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. అధికారి నిర్ణయం నచ్చకపోతే ఇక్కడ కూడా జిల్లా జడ్జినే ఆశ్రయించాలి, ఆయన మాటే తుది మాట.

సబ్‌స్టేషను కొరకు భూమిని పూర్తిగా సేకరించినప్పుడు 2013 నాటి భూసేకరణ చట్టం వర్తిస్తే రైతు స్థితి మెరుగు. మార్కెట్ విలువపై నూరు శాతం అదనపు సొమ్ము ఉంటుంది. అవార్డు ప్రకటించినప్పుడు హాజరై ఉన్నవారు 6 వారాలలోగా 64వ సెక్షన్ క్రింద కలెక్టరుకు అర్జీ ఇస్తే, విషయం ప్రత్యేక ప్రాధికార సంస్థకు వెళుతుంది. దానిపై 60 రోజులలో హైకోర్టుకు అప్పీలు కూడా ఉన్నది. తీగల క్రింది నేలకు లేని అప్పీలు, సేకరించిన నేలకు ఉన్నదన్నమాట.

చివరిగా ఒక చిన్న హక్కు చాలామందికి తెలియదు. పొలంలో ఇల్లు కట్టుకోవడానికో మరొక పనికో స్తంభం గాని తీగ గాని అడ్డు వస్తే, దానిని జరపమని లేక ఎత్తు పెంచమని టెలిగ్రాఫ్ చట్టం 17వ సెక్షన్ క్రింద కోరవచ్చు. పరిహారం అదివరకే తీసుకొని ఉంటే, జరపడానికి అయ్యే ఖర్చు, తీసుకొన్న పరిహారంలో సగం, ఈ రెంటిలో ఏది తక్కువో అది చెల్లించాలి. సంస్థ వినకపోతే జిల్లా మేజిస్ట్రేటుకు అర్జీ పెట్టుకోవచ్చు.

తీగలు ఒకసారి పడితే మన బిడ్డల కాలం దాటినా ఉంటాయి. వాటి క్రింద ఇల్లు లేవదు, కొబ్బరిచెట్టు పెరగదు, అమ్మబోతే ధర పలకదు. ఆ నష్టాన్ని ఒక చెక్కుతో తేల్చివేసే ముందు రసీదు మీద రెండు మాటలు వ్రాయడం, పహణి నకలు తెచ్చుకోవడం, 3 సంవత్సరాల గడువును గోడ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోవడం పెద్ద పనులేమీ కావు. మీ ఊరిలో సర్వేవారు గుర్తులు పెడుతున్నట్టయితే ఈ సంగతులు ఇరుగుపొరుగు రైతులకు కూడా చదివి వినిపించండి.